తల్లుల ఇల్లు, పై గది

తల్లుల ఇల్లు, పై గది
ఆసుపత్రి వెనక వీధి

వదినా,

బస్సెక్కిస్తూ మీరేమన్నారో గుర్తుందా? "ఏదున్నా ఉత్తరం రాయి, ఫోన్‌లో వద్దు, నీ కూతురికి ఒళ్ళంతా చెవులే" అన్నారు. అందుకే చేరగానే కాగితం పట్టుకున్నాను.

చిన్నోడు దారిలో ఒక్కసారే ఏడ్చాడు. పెదాలు, గోళ్ళు నీలం తిరిగిపోయాయి. మోకాళ్ళు గుండెకి ఆనించి ఎత్తుకుని కూర్చుంటే కాసేపటికి తేరుకున్నాడు. పక్క సీటు పెద్దాయన మాత్రం హడలిపోయి బస్సాపమని ఒకటే కేకలు. వాడికంటే ఆయన్ని సముదాయించడానికే ఎక్కువసేపు పట్టింది.

వార్డులో చేర్చుకున్నారు. గుండెలో రంధ్రం మూయాలి, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుగ్గా ఉంది, దాన్ని వెడల్పు చెయ్యాలి. మనకి ముందే చెప్పినదే. కానీ జలుబు పూర్తిగా తగ్గి, వీడు కాస్త ఒళ్ళు చేస్తేగాని ముట్టుకోమంటోంది డాక్టరమ్మ. ఎన్నాళ్ళండీ అంటే నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఈ ఇల్లు ఇలాంటి పిల్లల తల్లుల కోసమే పెట్టారు. పగలంతా వార్డులో ఉంటాం, వంటకీ స్నానానికీ ఇక్కడికొస్తాం. నాకు పై గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే ఆసుపత్రి గోడ, దాని మీద పైకి పాకిన గొట్టాలు. కింద పెద్ద వంటిల్లు, అందరికీ ఒకటే. ఇల్లు చూసుకునే ఆవిణ్ణి అందరూ ఇంటావిడ అనే పిలుస్తారు. మనిషి కరుకు. గిన్నె కడక్కుండా వదిలేస్తే ఎవరిదని అడగదు, అందర్నీ కలిపి తిడుతుంది.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది వదినా. ఎవరి బిడ్డ ఆపరేషన్‌కి వెళ్తే ఆ తల్లి ఆ రోజు వంటింట్లో అడుగు పెట్టకూడదు, ఒంటరిగా కూర్చోకూడదు. అందరికంటే ఆఖర్న ఎవరి బిడ్డ బయటికొచ్చిందో ఆమె వెళ్ళి పక్కన కూర్చోవాలి. మాట్లాడాలని లేదు, ధైర్యం చెప్పాలని లేదు. ఊరికే కూర్చోవాలి.

నా కూతురు ఏం చేస్తోంది? నేను బస్సెక్కినప్పుడు ఏడవలేదు, చూశారా? చెయ్యి ఊపింది, కానీ నాకు కాదు, తమ్ముడికి. నా కోసం అడుగుతోందా? నిజం రాయండి.

మీ మరదలు

---

ఇల్లు, కుట్టుమిషన్ దగ్గర

మరదలా,

వెళ్ళి వారం కాలేదు, అప్పుడే "అడుగుతోందా, అడుగుతోందా" అని మొదలెట్టావా! అడగకేం. పొద్దున లేవగానే అడిగింది. సాయంత్రం బడి నుంచి రాగానే అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పి మిషన్ తొక్కాను. మిషన్ చప్పుడులో ప్రశ్నలు వినపడవు, అదొక సుఖం.

నీ కూతుర్ని గడుగ్గాయి అని ఊరికే అనలేదు నేను. పెళ్ళీ పెటాకులూ లేని దాన్ని, ఈ వయసులో నాకు జడలు వేయడం నేర్పుతోంది. "అత్తా, పాపిడి వంకర. అత్తా, ఇటు లాగు. అత్తా, అమ్మ ఇలా వెయ్యదు." తల ప్రాణం తోకకొస్తోందనుకో. బడికి వెళ్ళేదాకా నేను నోరెత్తితే ఒట్టు.

ఒక్కటి మాత్రం చూస్తున్నాను. ఇది ఏడవదు. మొన్న గడప తగిలి పడితే మోకాలు దోక్కుపోయింది, నెత్తురు కారుతోంది, పెదవి కొరుక్కుని నిలబడింది. ఏడువే తల్లీ అన్నాను. "తమ్ముడు లేస్తాడు" అంది. తమ్ముడు ఇంట్లో లేడే అన్నాను. అయినా ఏడవలేదు. వాడు పుట్టిన దగ్గర్నుంచి "నువ్వు ఏడిస్తే వాడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే నీలం అయిపోతాడు" అని మనమే కదా దాని నోరు కుట్టేశాం. నేను కూడా అన్నాను, నిన్నొక్కదాన్నే అనడం లేదు.

మా తమ్ముడు, నీ మొగుడుగారు, లారీ లోడు మీద అటువైపు వస్తాడట. వాడి చేత నీకు రెండు జతలు బట్టలు పంపుతున్నా. తిను. బక్కచిక్కి వస్తే నీ కొలతలన్నీ నేను మళ్ళీ తీసుకోవాలి.

వదిన

---

తల్లుల ఇల్లు, పై గది

వదినా,

బట్టలు అందాయి. మీ తమ్ముడు వచ్చి లారీ రోడ్డు మీదే పెట్టి, వార్డులో మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు చిన్నోడి పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలారు. ఆయన వెళ్ళాక నేను మెట్ల దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చాను.

జలుబు తగ్గింది, ఆపరేషన్ అన్నారు. పాలు పట్టకుండా ఉంచారు. తీరా చూస్తే ఒళ్ళు వెచ్చగా ఉంది, మళ్ళీ వాయిదా. ఇది ఎన్నోసారో అడగొద్దు. నా కిందగదిలో ఉండే టీచరమ్మ కూతురు ఆపరేషన్‌కి వెళ్ళొచ్చేసింది. మొన్నట్నుంచి నడిపిస్తున్నారు కూడా. సంతోషమే. కానీ ఆ పిల్లని చూసి తల తిప్పుకున్నాను. నేను ఇలాంటి మనిషినా అనిపించింది.

ఫోన్ చేశాను కదా, "దాన్ని పిలవండి" అంటే మీరు పిలిచారు. అది దూరం నుంచే "నాకు పనుంది" అంది. ఆరేళ్ళు నిండని దానికి ఏం పని వదినా? నవ్వేశాను మీ ముందు. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు.

ఇక్కడ వార్డు నిండా పిల్లలే, కళ్ళ నిండా పిల్లలే. అయినా నాకు అది కావాలి. నిద్రలో కాళ్ళతో తన్నేది చూడండి, ఆ తన్నులు కావాలి. ఒక పిల్ల పక్కన కూర్చుని ఇంకో పిల్ల కోసం ఇంతలా అల్లాడిపోవడం తప్పేమో. చిన్నోడి మొహం చూస్తూ దాని మొహం గుర్తుచేసుకోబోతే, ఒక్కోసారి సరిగ్గా రావడం లేదు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

ఎంత పొడుగైందో రాయండి.

మీ మరదలు

---

ఇల్లు, కుట్టుమిషన్ దగ్గర

మరదలా,

ఎంత పొడుగైందో రాయడమెందుకు, ఇదిగో పంపుతున్నా. కవరులో ఉన్న నాడా విప్పి చూడు. దాన్ని గోడకి నిలబెట్టి పాదం నుంచి నడినెత్తి దాకా కొలిచి కత్తిరించాను. మడమలెత్తింది దొంగ, రెండుసార్లు కొలవాల్సొచ్చింది. నీ గదిలో గోడకి వేలాడదియ్యి. దాని తల ఎక్కడికొస్తుందో చెయ్యి పెట్టి చూసుకో. దర్జీదాన్ని, నాకు చేతనైంది ఇదే.

టీచరమ్మ కూతుర్ని చూసి తల తిప్పుకున్నావని గింజుకోకు. నువ్వు దేవతవని నేనెప్పుడూ అనుకోలేదు. మా తమ్ముడు నిన్ను చేసుకున్నది అందుకు కాదు.

ఫోన్ సంగతి మనసులో పెట్టుకోకు. ఆటల్లో పడి అలా అంది. బాగా తింటోంది. అన్నీ బాగున్నాయి. నీ కంగారుకి నేను సమాధానాలు రాస్తూ కూర్చుంటే జనం బట్టలు ఎవరు కుడతారు?

వదిన

---

తల్లుల ఇల్లు, పై గది

వదినా,

అయిపోయింది. బయటికొచ్చాడు. బాగున్నాడు.

ముందు ఆ మూడు మాటలు రాసేశాను, ఇక నెమ్మదిగా చెప్తాను. పొద్దున్నే తీసుకెళ్ళారు. తలుపు దాకా ఎత్తుకెళ్ళనిచ్చారు, అక్కడ ఆకుపచ్చ బట్టల నర్సు చేతులు చాచింది. ఇవ్వాలి కదా. నా చేతులు రాలేదు. ఆవిడే మెల్లగా ఒక్కో వేలూ విడదీసి తీసుకుంది.

టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నేను ఆవిడ కూతుర్ని చూసి తల తిప్పుకున్నానని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. అయినా ఊరికే కూర్చుంది. నేను లేస్తే లేచింది, కూర్చుంటే కూర్చుంది. కాలు కాలిన పిల్లిలా నేను తిరుగుతుంటే నా వెంట ఆవిడ. సాయంత్రానికి డాక్టరమ్మ వచ్చి చెప్పేదాకా ఆ మహాతల్లి మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఇంకో సంగతి. మీరు నవ్వుతారు, నవ్వండి. వాణ్ణి చూడనిచ్చారు. ఒంటినిండా గొట్టాలు, వాటికి సిద్ధపడే వెళ్ళాను. మొహం చూద్దును కదా, పెదాలు ఎర్రగా! గోళ్ళు కూడా! నా పై ప్రాణాలు పైనే పోయాయి. "సిస్టర్! వీడికేదో అయింది! రంగు మారిపోయింది!" అని వార్డు దద్దరిల్లేలా అరిచాను. నర్సు పరుగున వచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "పిల్లల పెదాలు ఈ రంగులోనే ఉంటాయమ్మా" అంది. పుట్టిన దగ్గర్నుంచి నేను వాడి అసలు రంగు చూడనేలేదు వదినా. ఇల్లు చేరి చెప్తే ఇంటావిడ పగలబడి నవ్వింది. ఇక్కడ ఉన్న తల్లులంతా అదే కేక వేశారట.

ఇప్పుడు అసలు మాట. మందుల మోతాదు కుదరాలి, వారం వారం చూపించాలి, వానాకాలం వెళ్ళేదాకా ఊరు దాటొద్దన్నారు. అంటే ఇంకా కొన్ని నెలలు.

నేను మీ దగ్గర ఒకటి దాచాను. మొన్నామధ్య ఫోన్ చేస్తే అదే ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టలేదో, పట్టీ పట్టనట్టుందో తెలియదు. అత్తని పిలువమ్మా అన్నాను. "అమ్మ బట్టలు కుడుతోంది" అంది. నేను ఫోన్ పెట్టేశాను. లైన్ కలవలేదని మీకు అబద్ధం చెప్పాను. చిన్నోడి ఆపరేషన్ అయ్యేదాకా ఆ మాట ముట్టుకోకూడదని గుండెలో ఓ మూలకి తోసేశాను. ఇప్పుడు వాడు క్షేమం. ఇక ఆ మాటొక్కటే చెవుల్లో మోగుతోంది.

అది మిమ్మల్ని అమ్మ అంటోందా వదినా?

మీ మరదలు

---

ఇల్లు

మరదలా,

వాడు బాగున్నాడని చదివి వీధిలోకి పరిగెత్తి కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. ఎరుపు పెదాల సంగతి చదివి నవ్వలేదు. ఎందుకో చెప్తాను.

అవును, అంటోంది. అయితే ఏం? నేను నేర్పానా? బడిలో ఎవరో "మీ అమ్మేది" అని అడిగితే నన్ను చూపించిందట. ఆ రోజు నుంచి మొదలైంది. రెండుసార్లు "అత్తనే" అన్నాను. ఆ తర్వాత అనలేదు. నన్ను ఇంతవరకు ఆ మాటతో పిలిచినవాళ్ళెవరు? వినపడగానే చేతిలో సూది ఆగిపోయేది. నువ్వు తిట్టుకున్నా సరే, నాకు బాగుంది. ఎంత బాగుందంటే, నీ ఉత్తరం రాగానే "పిల్లని వానలయ్యేదాకా కాదు, బడి ఏడాది పూర్తయ్యేదాకా నా దగ్గరే ఉంచు, నువ్వు వాడిని చూసుకో" అని నాలుగు పేజీలు రాశాను. రాసి, మడిచి, కవరులో కూడా పెట్టాను.

పోస్టు చెయ్యడానికి చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి ఉంది గడుగ్గాయి. పెదాలు నీలంగా ఉన్నాయి.

నా గుండె ఆగిపోయింది మరదలా. దీనికి కూడానా దేవుడా అనుకున్నాను. ఒళ్ళోకి లాక్కుని మోకాళ్ళు గుండెకి ఆనించేశాను, వాడికి చేసినట్టే. గోళ్ళు చూస్తే గోళ్ళూ నీలమే. అరిచే లోపు నా చేతికి అంటింది. సుద్ద. బట్ట మీద గుర్తులు పెట్టుకునే నా నీలం సుద్ద, తడిచేసి పెదాలకీ గోళ్ళకీ పూసుకుంది.

"ఎందుకు పూసుకున్నావే?" అన్నాను.

"నాకూ జబ్బు చేసింది. అమ్మకి ఫోన్ చెయ్యి, నా దగ్గరికొస్తుంది" అంది.

ఏ అమ్మ అని నేను అడగాల్సిన పని లేదు. నన్ను ఆ మాటతో పిలుస్తూనే ఉంది, ఎదురుచూపు మాత్రం నీ కోసమే. నీ మీద కోపంతో, నీకు వినపడేలా పిలిచింది. నేనే పిచ్చిదాన్ని, నా కోసం అనుకున్నాను.

మొహం కడిగాను. నాలుగు పేజీలూ పొయ్యిలో వేశాను. వచ్చే శనివారం దాన్ని తీసుకుని బయల్దేరుతున్నా. వద్దనకు. ఆ ఇంటావిడ ఒప్పుకోకపోతే ఆవిడతో నేను మాట్లాడతాను. ఆవిడ కరుకైతే నేనేమన్నా మెత్తనా?

వదిన

---

తల్లుల ఇల్లు, పై గది

వదినా,

తీసుకురండి. మీరు పోట్లాడాల్సిన పని లేదు. మీ ఉత్తరం ఇంటావిడకి చదివి వినిపించాను. పూర్తి కాకుండానే లేచి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మూలగది నుంచి చిన్న పరుపు ఈడ్చుకొచ్చి నా గదిలో పడేసి, "జలుబూ దగ్గూ ఉంటే మాత్రం గడప దాటనివ్వను" అంటూ వెళ్ళింది.

మిమ్మల్ని తిట్టుకున్నాననుకుంటున్నారా? తిట్టుకున్నాను. ఒక పూటంతా తిట్టుకున్నాను. సుద్ద దగ్గరికి వచ్చేసరికి కాగితం తడిసిపోయింది, మిగతాది చదవడానికి టీచరమ్మని పిలిచాను. మీరు ఆ నాలుగు పేజీలు తగలెట్టకుండా పంపి ఉంటే, అలసిపోయి ఉన్నాను కదా, సరేననేదాన్నేమో.

నాకు భయంగా ఉంది వదినా. అది నా దగ్గరికి రాకపోతే? మీ వెనక దాక్కుని ఎవరో ఆంటీని చూసినట్టు చూస్తే? ఆపరేషన్ రోజు కూడా ఇంత భయపడలేదు. అక్కడ డాక్టర్లున్నారు. దీనికి ఎవరున్నారు?

మీ మరదలు

---

ఇల్లు, కుట్టుమిషన్ దగ్గర

మరదలా,

క్షేమంగా చేరాను. బస్సులో సీటు దొరికింది. పక్కన ఎవరూ లేరు, హాయిగా కాళ్ళు చాపుకుని వచ్చాను.

నువ్వేం బెంగ పెట్టుకోకు. నా వెనక దాక్కుందని, నువ్వు చేతులు చాపితే రాలేదని ఆ మెట్ల మీదే కూలబడ్డావు చూడు, ఏం బాగోలేదు. అన్ని నెలల కోపం ఒక్క నిమిషంలో పోతుందా? నేను బయల్దేరినప్పుడు నా కొంగు... కొంగేమిటి, సంచీ, బట్టలు, చేతికందిందల్లా పట్టుకుందిగా, దాన్ని వేలు వేలూ విడదీసి నీ చేతుల్లో పెట్టాను. అప్పుడు ఏడ్చింది. వీధి చివరిదాకా వినపడింది. అంత గొంతు దానికుందని నాకే తెలియదు. వార్డులో చిన్నోడు కూడా ఇప్పుడు ఎంత ఏడ్చినా ఏం కాదన్నావు కదా, ఏడవనీ ఇద్దర్నీ. ఆపకు.

ఇక్కడ అంతా మామూలే. పని బోలెడుంది. ఇంట్లో ఎక్కడ పెట్టినవి అక్కడే ఉంటున్నాయి, కత్తెర కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. వంట కూడా సగానికి తగ్గింది. నిన్న అలవాటున ఇద్దరికి వండేశాను, దాందేముంది, రెండు పూటలొచ్చింది. దువ్వెన దాని జుట్టుతో సహా నా దగ్గరే ఉండిపోయింది. పంపనా, ఉంచనా?

సరే, ఉంటాను. పనుంది.

వదిన

---

తల్లుల ఇల్లు, పై గది

వదినా,

అన్నీ మామూలే అని మీరు రాస్తే నేను నమ్మాలా? మీకు అబద్ధాలు రాయడం చేతకాదు. బిడ్డ బతికే ఉండి, మీ చేతికందకుండా ఎక్కడో ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇన్నాళ్ళు నేను తిన్నాను ఆ కూడు. ఇప్పుడు మీ కంచంలో వడ్డించాను. నాకు ముద్ద దిగడం లేదు.

మీరు వెళ్ళాక అది పరుపు గోడవైపు లాక్కుని పడుకుంది. నేను బతిమాలలేదు, పక్కన కూర్చున్నాను, అంతే. మర్నాడు జడ వేస్తానంటే వెనక్కి తిరిగి కూర్చుంది. సగం వేశాక "ఇలా కాదు" అంది. వంకర పాపిడి కావాలట! అత్త వేసినట్టు. వేశాను. అద్దంలో చూసుకుని, నా ఒళ్ళో తల పెట్టి, పొట్ట మీద గుద్దింది. చాలాసేపు గుద్దింది. "ఎందుకెళ్ళావు, ఎందుకెళ్ళావు" అంటూ. వదినా, గుద్దుతూ గుద్దుతూ నిద్రపోయింది. నేను కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. నా పిల్ల నాకొచ్చేసింది.

ఇవాళ పొద్దున మెలకువ వచ్చీ రాకుండానే "అమ్మా" అంది. ప్రాణం లేచొచ్చి "ఇదిగో ఇక్కడే ఉన్నాను" అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, మెడ చుట్టూ చేతులేసి, "నువ్వున్నావు సరే, ఆ అమ్మేది?" అంది.

కలుక్కుమంది, కాదనను. ఒక్క క్షణం. ఆ తర్వాత చెప్పేశాను, "ఆ అమ్మ ఆదివారం వస్తుంది" అని. మిమ్మల్ని అడక్కుండా మాటిచ్చేశాను. ఇంటావిడకి చెప్పాను. వంటింటి పక్క గదిలో కిటికీ ఉంది, వెలుతురు బాగుంటుంది, మిషన్ పడుతుందని కొలిచి మరీ చూసింది. వానలయ్యేదాకా ఇక్కడే కుట్టుకోండి. పిల్లకి మాటిచ్చాను వదినా, నా పరువు మీ చేతుల్లో ఉంది.

మీ మరదలు

---

ఇల్లు, తాళం వెయ్యబోతూ

మరదలా,

ఆదివారం దాకా ఎవరాగుతారు? మిషన్ తలకాయ గోనెసంచిలో కట్టేశాను, కింది చెక్క మా తమ్ముడు లారీలో వేసుకొస్తాడు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు నేనే నీ గుమ్మంలో ఉంటాను. మరి ఎందుకు రాస్తున్నానంటావా? బస్సుకింకా టైముంది, చేతులు ఊరుకోవడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా, నన్ను పిలిచారని.

వస్తున్నానని దానికి చెప్పు.